పల్లె ఇంటికి రాగి బాయిలర్: చలికాలం చాకిరీ చేసేవాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. మీది పల్లెటూరై, ఇంట్లో నలుగురైదుగురు మనుషులుండి, కొట్టంలో రెండు పశువులుండి, పొయ్యిలోకి కట్టె కొనుక్కునే అవసరం లేకపోతే కట్టె మంటతో నీళ్లు కాచే రాగి బాయిలర్ కొనేయండి. గీజరా, రాడ్డా, సోలారా అని నెలల తరబడి లెక్కలు వేసుకోవాల్సిన పని లేదు. పట్నంలో ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు మాత్రం ఇది వద్దే వద్దు, ఎందుకో కింద చెప్తాను. ధర ఎక్కువ, పొగ ఉంటుంది, మసి తీసే పని ఉంటుంది. అయినా మా ఇంట్లో పొద్దున పూట పనులన్నీ ఇప్పుడు దీని చుట్టూనే తిరుగుతున్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది ఆదిలాబాద్ జిల్లా, ఇచ్చోడ దగ్గర. ఇల్లు ఊళ్లో కాకుండా చేన్లోనే కట్టుకున్నాం. చుట్టూ పత్తి, మధ్యమధ్య కంది సాళ్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం, దాని పక్కన బోరు. తెలుగు రాష్ట్రాల్లో చలి అనగానే అందరూ లంబసింగి పేరు చెప్తారు గానీ మా జిల్లా చలేం తక్కువ తినలేదు. సముద్రానికి చాలా దూరం, ఉత్తరం నుంచి వచ్చే పొడి గాలి సీదా మా మీదికే, రాత్రి పూట మబ్బు కూడా ఉండదు కాబట్టి పగలంతా నేల పట్టుకున్న వేడి తెల్లారేసరికి మొత్తం పోతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో పది డిగ్రీల లోపు పడిపోవడం మాకు మామూలే, గట్టి చలి పెట్టిన రాత్రుల్లో ఐదారు డిగ్రీలకు కూడా దిగుతుంది. చేన్లో ఇల్లు కాబట్టి గాలికి అడ్డం పక్కింటి గోడ అనేది కూడా ఉండదు.

ఇక్కడ చలికాలం పొద్దు ఎట్లా గడుస్తుందో చెప్తే తప్ప నీళ్లు కాచుకునే వస్తువు గురించి ఇంత రాయడం ఎందుకో అర్థం కాదు. తెల్లవారుజామున పత్తి మీద మంచు పడి ఉంటుంది. ఆ తడితోనే ఏరితే మార్కెట్లో మనకే దెబ్బ. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో మీటర్ పెట్టి తేమ చూస్తారు, 8 శాతం దాటితే ధరలో కోత పెడతారు, 12 దాటితే అసలు తీసుకోరు. అందుకని ఎండ కాస్త ముదిరి మంచు ఆరేదాకా చేన్లోకి దిగం. అంటే ఐదింటికి లేచిన దగ్గర్నుంచి తొమ్మిది దాకా ఉండేదంతా నీళ్ల పనే. పాలు పితకాలి, క్యాన్లు కడగాలి, కొట్టంలో పెండ ఎత్తి కడగాలి, కుడితి కలపాలి, రాత్రి అంట్లు తోమాలి, పిల్లలకు తానాలు పోసి బడికి తోలాలి. ఇందులో చెయ్యి తడవకుండా అయ్యే పని ఒక్కటి లేదు. చల్లనీళ్లతో ఇవన్నీ చేసిన ఆడవాళ్లను అడగండి, వేళ్ల కొసలు పగిలి ఆ పగుళ్లలోకి సబ్బు దిగితే ఎట్లా ఉంటుందో చెప్తారు. మగవాళ్లు వేడినీళ్లు అంటే తానం ఒక్కటే అనుకుంటారు, అందుకే చాలా ఇళ్లలో ఈ ఖర్చు ఏటేటా వెనక్కి పోతుంటుంది.

బాయిలర్ రాకముందు మాకు మూడు రాళ్ల పొయ్యి, దాని మీద సిల్వర్ గంగాళం. మంట నాలుగు దిక్కులా పోతుంది, గాలి వీస్తే గంగాళానికి తగిలేది సగం, చేనుకు తగిలేది సగం. మరిగిన నీళ్లు ముంచుకోవడం, మోసుకోవడం ఇంకో భయం. తర్వాత రాడ్ తెచ్చుకున్నాం. నిజం చెప్పాలంటే రాడ్‌కు కరెంటు ఖర్చు పెద్దగా ఏం కాదు. ఇరవై లీటర్ల బకెట్‌ను 15 డిగ్రీల నుంచి 45 దాకా తీసుకెళ్లడానికి ముప్పావు యూనిట్ లోపే పడుతుంది. మా బాధ బిల్లు కాదు, వోల్టేజ్. యాసంగి జొన్నకూ శనగకూ మోటార్లు నడుస్తుంటాయి, అదే టైముకు ఇంటింటా రాడ్లు పెడతారు. 230 ఉండాల్సిన వోల్టేజ్ 170కి పడిందంటే రాడ్ ఇచ్చే వేడి ఏదో కొంచెం తగ్గడం కాదు, దాదాపు సగానికి పడిపోతుంది. అరగంటలో కాగాల్సిన బకెట్‌కు గంట పడితే ఇంట్లో ఐదుగురికి ఎప్పుడు అయ్యేను? దానికి తోడు షాక్ భయం ఒకటి. రాడ్ ఇంకా బకెట్‌లో ఉండగానే వేలు పెట్టి వేడి చూడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ వైరు కింద వేలాడుతుంటే నాకు వేరే పని మీద మనసు నిలిచేది కాదు.

సోలార్ గురించి ఎక్కువ చెప్పను. మంచిదే, కానీ మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గొట్టాలు పట్టేస్తాయని చుట్టాలింట్లో చూసి ఆగిపోయాం. గ్యాస్ గీజర్ మాత్రం మూసిన బాత్‌రూమ్‌లో పెట్టకండి, దయచేసి. అది మండేకొద్దీ గదిలో గాలి తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగుండదు, వాసనుండదు, మనిషి సోయి తప్పి పడేదాకా తెలియదు.

ఇప్పుడు అసలు వస్తువు సంగతి. మాది పాతిక లీటర్ల రాగి బాయిలర్. బయటికి చూస్తే పొడుగాటి గుండ్రటి డ్రమ్ము, మధ్యలోంచి కిందినుంచి పైదాకా ఒక గొట్టం. మంట అడుగునున్న ఇనుప జాలీ మీద పెడతాం, పొగా వేడీ ఆ మధ్య గొట్టంలోంచి పైకి పోతాయి, నీళ్లు దాని చుట్టూ ఉంటాయి. గంగాళానికి మంట అడుగున మాత్రమే తగులుతుంది, దీంట్లో వేడి గాలి బయటికి పోయే దారంతా నీళ్లను తాకుతూ పోవాల్సిందే. కట్టె ఆదా అయ్యేది అక్కడే. పైన ఒక పక్క నీళ్లు పోసే గరాటు, ఇంకో పక్క నీళ్లు వచ్చే ముక్కు. గరాటులోంచి పోసిన చన్నీళ్లు లోపల సన్న గొట్టం గుండా అడుగుకు దిగుతాయి, పైనున్న ఉడుకు నీళ్లు ముక్కులోంచి బయటికొస్తాయి. ఒక చెంబు పోస్తే ఒక చెంబు వస్తుంది, పోయకపోతే రాదు. ఈ పద్ధతి నాకు ఎందుకు నచ్చిందంటే, నీళ్ల మట్టం ఎప్పుడూ ముక్కు దగ్గరే ఉంటుంది, వాడుతూ వాడుతూ లోపల ఎండిపోయే ప్రమాదం లేదు. ఈమధ్య దుకాణాల్లో అడుగున నల్లా పెట్టిన రకం ఎక్కువ చూపిస్తున్నారు, చూడ్డానికి సులువే, తిప్పితే వస్తాయి. కానీ నీళ్లు తగ్గింది చూసుకోకుండా కింద మంట ఉంచితే మధ్య గొట్టం ఖాళీగా కాలుతుంది, అతుకులు ఊడతాయి, బాయిలర్ పనయిపోయినట్టే. పని హడావుడిలో ఉండే ఇంటికి ముక్కు రకమే మేలు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, ఆ ముక్కునూ గరాటునూ ఎప్పుడూ మూయకూడదు. వేడి తొందరగా పోకుండా ఉంటుందని కొందరు గుడ్డ కుక్కుతారు, ఆవిరికి దారి లేకపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఇది కుక్కర్ కాదు, సీటీ ఉండదు, తెరిచి ఉండటమే దీనికి రక్ష.

అంటించే పద్ధతి మా అత్తమ్మ నేర్పింది. ముందు కింద బూడిద తలుపు తీసి నిన్నటి బూడిద మొత్తం లాగేయాలి, జాలీ సందులు మూసుకుని ఉంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే కట్టె మండదు, పొగే వస్తుంది. తర్వాత గుప్పెడు కంది పుల్లలు విరిచి నిలువుగా పెట్టి, వాటి మధ్యన పిడక ముక్క. పుల్లలు అందుకోగానే మధ్య గొట్టం గాలిని పైకి గుంజుతుంది, సన్నగా గుయ్యిమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంక ఊదే పని లేదు, గొట్టంతో పొయ్యి ఊది కళ్లు ఎర్రజేసుకోవడం మా ఇంట్లో ఆగిపోయింది. అప్పుడు లావు కట్టె ఒకటి రెండు వేసి బర్రెల దగ్గరికి పోతాను. పాలు పితికి వచ్చేసరికి ముక్కులోంచి ఆవిరి వస్తుంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. బాయిలర్‌లోకి సింటెక్స్ ట్యాంకు నీళ్లు పోయకండి. రాత్రంతా మిద్దె మీద చలికి ఉన్న నీళ్లు అవి, మంచు నీళ్లే. బోరు నీళ్లయితే భూమి లోపల ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడి మీద ఉంటాయి, చలికాలం పొద్దున చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతాయి. మోటార్ వేసి, పైపులో నిలిచిన నీళ్లు కాసేపు వదిలేసి, ఆ తర్వాత వచ్చే నీళ్లు పట్టుకుని పోస్తే సగం పని భూమే చేసిపెడుతుంది. కట్టె ఎంత మిగులుతుందో మీరే చూస్తారు.

కట్టె విషయానికొద్దాం, ఈ వస్తువు మా ఇంటికి కిట్టుబాటు అయ్యిందంటే దాని వల్లే. పత్తి ఏరడం అయిపోయాక చేన్లో మిగిలే పత్తి కట్టెను మా దిక్కు చాలామంది కుప్పలు పెట్టి తగలబెడతారు. ఆ కట్టె చిటపటమని మండుతుంది, వేడి బాగా ఇస్తుంది, కానీ నిప్పు నిలవదు, తొందరగా బూడిదవుతుంది. కంది కట్టె దానికంటే గట్టిది. తుమ్మ మొద్దు అన్నిటికంటే మేలు, దాని బొగ్గు చాలాసేపు ఉంటుంది, తానాలన్నీ అయిపోయాక కూడా ఆ నిప్పు మీదే నీళ్లు వెచ్చగా ఉంటాయి. నేను అంటించడానికి కంది, మంట లేపడానికి పత్తి, నిలబెట్టడానికి తుమ్మ అని మూడు కుప్పలు పెట్టుకున్నాను, మూడూ వానకు తడవకుండా కొట్టం చూరు కింద.

అయితే పత్తి కట్టె ఇంటి దగ్గర పేర్చుకునేవాళ్లు జాగ్రత్త. గులాబీ రంగు పురుగు మిగిలిపోయిన ఎండు కాయల్లోనే దాక్కుని తర్వాతి పంట దాకా బతుకుతుంది, అందుకే పంట అయిపోగానే కట్టె పీకేయాలనీ, చేను పక్కన నెలల తరబడి కుప్పలు ఉంచొద్దనీ వ్యవసాయ శాఖవాళ్లు మళ్లీ మళ్లీ చెప్తారు. ఏడాదికి సరిపడా పొయ్యి కట్టె దాచుకుందామని పెద్ద కుప్ప వేస్తే మన చేతులతో మనం పురుగును పెంచినట్టే. మేము ముందు పశువులను చేన్లోకి తోలి ఆకూ కాయా మేపిస్తాం, తర్వాత పీకి, ఎండు కాయలు దులిపి తగలబెట్టి, చలి ఉండగానే వాడుకోగలిగినంత కట్టె మాత్రమే ఇంటికి తెస్తాం. మిగతాది ష్రెడ్డర్ దొరికితే నుగ్గు చేయించి దుక్కిలో కలిపేయడం మంచిది. బాయిలర్ కొన్నాం కదా అని కట్టె మీద ఆశ పెరిగి చేనుకు చేటు తెచ్చుకోవద్దు. అడవి కట్టె జోలికీ పోవద్దు, అవసరం కూడా రాదు. పొయ్యి దొరికింది కదా అని పురుగుమందు డబ్బాలు, యూరియా సంచులు అందులో వేసేవాళ్లను చూశాను. ఆ పొగ పీల్చేది మన పిల్లలే, దయచేసి వేయకండి.

పశువుల విషయంలో వచ్చిన తేడా నేను అనుకోనిది. చలికాలం బర్రె చన్నీళ్లు ముట్టదు, మూతి పెట్టి తీసేస్తుంది. నీళ్లు తక్కువ తాగితే పాలు తగ్గుతాయి. ఇప్పుడు కుడితిలో నాలుగు చెంబులు ఉడుకు నీళ్లు కలిపి గోరువెచ్చగా పెడుతున్నాం, తవుడూ పిండీ బాగా నానుతాయి, తొట్టి అడుగుదాకా నాకేస్తుంది. పొదుగును వెచ్చటి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి కూర్చుంటే పాలు తొందరగా చేపుతుంది. తుడవడం మరవకూడదు, తడి పొదుగుకు చలిగాలి తగిలితే చన్నులు పగులుతాయి. పాల క్యాన్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు, చన్నీళ్లతో ఎంత తోమినా అంచుల్లో జిడ్డు అట్లాగే ఉండేది, ఇప్పుడు మరిగిన నీళ్లు ఒకసారి తిప్పి పోస్తే వాసన కూడా ఉండదు.

మనుషుల లెక్క కూడా చెప్తాను. బాయిలర్ నిండా బాగా మరిగితే, చన్నీళ్లు కలుపుకుని దాదాపు నాలుగు బకెట్ల తానం నీళ్లు అవుతాయి. ఆ తర్వాత పోస్తూ పోతుంటే, కింద మంట ఉన్నంతసేపు, మళ్లీ కాగుతూనే ఉంటాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది కదా, మా ఇల్లు దారిలోనే కాబట్టి జాతరకు వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. ఇల్లంతా జనం, అందరికీ పొద్దున్నే తానాలు కావాలి, చేతిలో టవల్ పట్టుకుని వరసలో నిలబడతారు. రాడ్ ఉన్న రోజుల్లో ఆ పొద్దులు తలచుకుంటేనే నాకు టెన్షన్. పోయిన జాతరకు మా ఆడపడుచు బాయిలర్ దగ్గర కూర్చుని కట్టె వేస్తూ, చెంబు పోస్తూ, చెంబు పడుతూ ఉంది, చివర తానం చేసిన మా మామకు కూడా పొగలు కక్కే నీళ్లే దొరికాయి. "వదినా, ఇది మాక్కూడా ఒకటి చూడు" అని పోయేముందు చెప్పి పోయింది.

కొనడం గురించి. దుకాణంలో అందరూ మెరుపు చూస్తారు, చూడాల్సింది మందం. రాగి రేకుకు గేజ్ లెక్క ఉంటుంది, నంబర్ పెరిగేకొద్దీ రేకు పలచన. 20 గేజ్ అంటే మిల్లీమీటరుకు కొంచెం తక్కువ, 24 అంటే అర మిల్లీమీటర్ చిల్లర. 24 గేజ్‌ది చవగ్గా వస్తుంది, బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలికి పోతుంది, పిల్లలు బంతితో కొట్టినా సొట్ట పడుతుంది. మధ్య గొట్టం మరీ ముఖ్యం, మంట తినేది అదే కాబట్టి అది బయటి డ్రమ్ము కంటే మందంగా ఉండాలి. చాలాచోట్ల బయట మందం, లోపల పలచన పెడతారు, పైనుంచి చెయ్యి పెట్టి గొట్టం అంచు పట్టుకుని చూడండి. సుత్తి దెబ్బల అచ్చులున్నవి కొందరికి నచ్చవు, నున్నగా ఉన్నదే కొత్తది అనుకుంటారు. అతికేటప్పుడు కాల్చిన రాగి మెత్తబడుతుంది, సుత్తితో కొట్టిన తర్వాతే గట్టిపడుతుంది, ఆ అచ్చులు అందానికి మాత్రమే కాదు. పుణెలో కస్బా పేట దగ్గర తాంబట్ ఆళి అని పేష్వాల కాలం నాటి రాగి పనివాళ్ల వీధి ఉంది, ఈ పనికి వాళ్లది పెద్ద చెయ్యి. మహారాష్ట్ర దిక్కు దుకాణాల్లో అయితే బంబ్ అని అడగాలి. గోదావరి జిల్లాల వాళ్లయితే తణుకు దగ్గర అజ్జరంలో విచారించుకోవచ్చు, ఇత్తడి పనికి పేరున్న ఊరు అది.

మేము మాత్రం పక్క పట్నంలో ఒక గిన్నెల దుకాణంలో కొన్నాం, పేరు వద్దు. కిలో వెయ్యి రూపాయల చిల్లర చెప్పాడు, అప్పటి రేటు అది, రాగి ధర రోజురోజుకీ మారుతుంది కాబట్టి మీరు పోయిన రోజు ఎంతుందో ముందే కనుక్కుని పోండి. తూకం వేసేటప్పుడు మా అత్తమ్మ పట్టేసింది. జాలీ ఇనుపది, కాళ్లు ఇనుపవి, అన్నీ కలిపే కాటా మీద పెట్టి రాగి రేటు లెక్క కడుతున్నాడు. "ఇనుముకు రాగి పైసలు ఎందుకిస్తాం బిడ్డా, జాలీ తీసి తూయి" అంది. అన్నీ కలిపే తూస్తాం, అందరూ అట్లాగే తీసుకుంటారు అని కాసేపు గొణిగాడు, చివరికి తీశాడు. ఆ జాలీ, కాళ్లు కలిపి రెండు కిలోల పైనే ఉన్నాయి. అంటే రెండు వేలు ఊరికే పోయేవి. మీరు ఎక్కడ కొన్నా విడదీసి తూయించండి, ఊడదీయరాని ఇనుప భాగాలుంటే వాటి బరువు తీసేయమని అడగండి, మొహమాటం వద్దు.

లోపాలూ చెప్పాలి. మొదటిది, ఖాళీ చేయడానికి అడుగున పెట్టిన చిన్న నల్లా నాసిరకం. చలికాలం గడవకముందే బొట్టుబొట్టుగా కారడం మొదలైంది, కింద బూడిదంతా తడిసి ముద్దవుతుంటే జాలీకి గాలి అందేది కాదు. దుకాణంవాణ్ని అడిగితే నల్లాకు గ్యారంటీ లేదన్నాడు, ఇన్ని వేలు పోసి కొన్న వస్తువుకు ఆ మాట నాకు చాలా కోపం తెప్పించింది. చివరికి మా ఆయన హార్డ్‌వేర్ షాపులో మంచి ఇత్తడి వాల్వ్ కొని, మరలకు టేపు చుట్టి బిగించాడు, ఇప్పటిదాకా చుక్క కారలేదు. కొనేటప్పుడే మంచి నల్లా వేయించుకుంటే ఆ తిప్పలే ఉండదు.

రెండోది మసి. పచ్చి కట్టె వేస్తే మధ్య గొట్టంలో నల్లటి జిగట పేరుకుంటుంది, అది పేరుకున్నాక కట్టె ఎంత వేసినా నీళ్లు కాగవు. పొడుగు వెదురు కర్ర కొసకు గోనె ముక్క కట్టి పైనుంచి దించి వారానికోసారి తిప్పితే చాలు, ఎండు కట్టె వాడేవాళ్లకు ఇంకా తక్కువ. మూడోది సున్నం, మా బోరు నీళ్లకు గీజర్‌లో అయినా పడుతుంది, దీంట్లో అయినా పడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు రాత్రంతా ఉంచి పొద్దున కడిగేస్తే రాలిపోతుంది. బయటి రాగి మెరుపు కావాలంటే చింతపండు రుద్దాలి, నేను పండగలకే రుద్దుతాను, మిగతా రోజుల్లో నల్లగా ఉంటే ఉండనీ.

నాలుగోది, దొంగల భయం. రాగి ఆరుబయట ఉంటే కన్ను పడుతుంది. మోటార్ల దగ్గర కేబుల్ వైరే కోసుకుపోతున్నారు, ఇదొక లెక్కా. చేన్లో ఇల్లున్నవాళ్లు గొలుసు వేసి గోడకు బిగించుకోండి.

నీళ్ల విషయంలో ఇంకో మాట. ఇందులో కాచినవి తానానికీ, కడగడానికే. తాగడానికీ వంటకూ వాడకండి, లోపల అతుకులకు ఏ లోహంతో మాటు వేశారో మనం చూడలేం, అందులో సీసం కలిసి ఉండొచ్చు.

పట్నంవాళ్లకు ఎందుకు వద్దన్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది. ఇది బయట, గాలి ఆడే చోట, చూరు కిందో చెట్టు కిందో ఉండాల్సిన వస్తువు. బాల్కనీలో పెడితే పైవాళ్ల ఇంట్లోకి పొగ, బాత్‌రూమ్‌లో పెడితే గ్యాస్ గీజర్ గురించి చెప్పిన ప్రమాదమే. కట్టె కొని కాల్చేవాళ్లకు కూడా లెక్క కుదరదు, కరెంటే చవక. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పొగ వాళ్ల గది దిక్కు పోకుండా గాలివాటం చూసి పెట్టుకోవాలి, మేము మామ గదికి దూరంగా కొట్టం మూలకు పెట్టింది అందుకే. పాకే పిల్లలున్న ఇంట్లో చుట్టూ మోకాలెత్తు ఇటుక గోడ కట్టాలి, కాలిన రాగి ఎర్రగా అయ్యి చెప్పదు, చెయ్యి వేస్తేనే తెలుస్తుంది.

బూడిద పారేయకండి. మా చిక్కుడు పాదుకు చలికాలంలో పేనుబంక పడుతుంది, పొద్దున మంచు తడి మీదే బూడిద చల్లితే ఆకులకు అంటుకుని చాలావరకు తగ్గుతుంది. కోళ్లకూ ఒక మూల పోసి పెడితే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి.

సైజు చాలామంది అడుగుతున్నారు. ఐదారుగురికీ, రెండు బర్రెలకూ పాతిక లీటర్లు సరిపోతాయి. నలభై తీసుకుందామని మొదట మా ఆయన అన్నాడు, కానీ ఇద్దరికే నీళ్లు కావాల్సిన రోజు కూడా అంత నీళ్లూ కాగాల్సిందే, కట్టె దండగ. పెళ్లిళ్లూ జాతరలూ ఏడాదికి నాలుగు రోజులే, ఆ నాలుగు రోజులు కాస్త ఎక్కువసేపు మంట పెట్టుకుంటే సరి. కొనడం మాత్రం ఎండాకాలంలో కొనండి, అప్పుడు గిరాకీ ఉండదు కాబట్టి దుకాణంవాడు కూర్చోబెట్టి నాలుగు రకాలు చూపిస్తాడు, డిసెంబర్‌లో పోతే ఉన్నదేదో అంటగడతాడు. చలి పోయాక నీళ్లన్నీ వంపేసి, లోపల ఆరబెట్టి, బోర్లించి పెట్టుకోండి, నీళ్లు నిలవుంటే చిలుము పడుతుంది. పాతబడ్డాక రాగి రాగి ధరకే పోతుంది, సొట్టలు పడ్డా పర్వాలేదు, అందుకే కొన్న రోజే బిల్లు మీద రాగి బరువు విడిగా రాయించుకుని దాచుకోండి, మార్చుకునే రోజు తూకం దగ్గర గొడవ ఉండదు.